పాచి తిను నోరు

సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో ఒక మెట్లబావి కలదు. అది పదునేడవ శతాబ్దపుదని చెప్పుదురు. పూర్వము ఆ చోటును నాగన్నకుంట అనెడివారు. 1933వ సంవత్సరమున, హైదరాబాదులో బ్రిటిషు రెసిడెంటుగా నుండిన టి. హెచ్. కీస్ ఆ ప్రాంతమును ఆదర్శమైన పేటగా తీర్చుటకు పూనుకొనగా, సేఠ్ బన్సీలాల్ ద్రవ్యసహాయము చేసెను. ఆయన పేరే పేటకు నిలిచినది. తరువాత కుళాయినీరు ఇంటింటికి వచ్చినది. చేదలు, మోకులు మూలబడినవి. వాడకము తప్పిన బావికి మన ఊళ్లలో పట్టు గతియే దానికిని పట్టినది. దశాబ్దముల తరబడి చెత్త, రాళ్లు, ఇటుకముక్కలు నిండి, అచట బావి యున్నదను సంగతియే క్రొత్త తరమువారికి తెలియకపోయెను. 2021, 2022 సంవత్సరములలో ఆ చెత్తనంతను త్రవ్వి తీసి, మెట్లను శుభ్రపరచి, మరల నీరు ఊరనిచ్చిరి. 2022 డిసెంబరు 5వ తేదీన బావి ప్రజలకు తెరువబడినది.

చేపల తొట్టిని గూర్చిన ప్రసంగమునకు మెట్లబావితో ఏమి పని యని శ్రోతలు అడుగవచ్చును. పని యున్నది. గోడల నడుమ నిలిచిన నీరు, అది రాతి గోడల నడుమదైనను గాజుపలకల నడుమదైనను, దానిని పోషించువానిని రెండు ప్రశ్నలు అడుగును. ఇందులో పాచి ఏల పట్టుచున్నది? ఇందులో ఎవరితో ఎవరు కాపురము చేయగలరు? నేడు జంటనగరములలో గాజుతొట్టి లేని వీధి అరుదు. అందును ఇటీవలి వేడుక వేటచేపలది. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆస్కార్ చేపను, మన కొర్రమీను జాతివారిని, పచ్చని నీటిమొక్కల నడుమ పెంచవలెనని ముచ్చటపడువారు పెక్కురు. కొన్ని నెలలు గడచునప్పటికి వారి నోట రెండు ఫిర్యాదులు వినవచ్చును: గాజు పచ్చబడినదని యొకటి, తోడు విడిచిన చిన్నచేపలు మాయమైనవని యొకటి. ఇవి వేరువేరు కష్టములని వారు తలంతురు. ఈ విద్య నడచివచ్చిన త్రోవను వెనుకకు పోయి చూచినచో, ఈ రెండును ఒకే కష్టమని మాకు తోచుచున్నది.

ఆ త్రోవ లండనులో ఒక రసాయనశాస్త్రజ్ఞుని గదిలో మొదలగును. ఆయన పేరు రాబర్టు వారింగ్టన్. 1849లో ఆయన పండ్రెండు గ్యాలనులు పట్టు గాజుపాత్రను తీసికొని, సగమువరకు ఊటనీరు నింపి, అడుగున ఇసుక, మట్టి పరచి, వాలిస్నేరియా యను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచెను. చేప విడుచు బొగ్గుపులుసు గాలిని మొక్క పీల్చును; మొక్క విడుచు ప్రాణవాయువును చేప పీల్చును; నీరు మార్చనక్కరలేదని ఆయన యూహ. కొంతకాలము అంతయు ఆయన అనుకొనినట్లే జరిగెను. తరువాత మొక్కల ముదురాకులు క్రుళ్లజొచ్చెను. నీరు మడ్డియయ్యెను. గాజుకు, నీటి ఉపరితలమునకు పచ్చని జిగట పట్టెను. చేపలకు ప్రాణాపాయము కలుగునట్లుండెను.

అప్పుడు వారింగ్టన్ ఒక చెరువునుండి ఐదారు నీటినత్తలను తెచ్చి వేసెను. నత్తలు క్రుళ్లుచున్న ఆకులను, గాజుకు పట్టిన పాచిని నాకివేసెను. అవి పెట్టిన గ్రుడ్లు చేపలకు మేతయయ్యెను. నీరు మరల తేటపడెను. 1850లో లండను రసాయనశాస్త్ర సంఘమునకు ఆయన ఈ వృత్తాంతము నివేదించెను. ఇంటి చేపలతొట్టికి ఇదియే మూలపత్రమని చెప్పవచ్చును.

ఇందులో ఒక సంగతి మనము గమనింపవలసియున్నది. పాచి పట్టగానే ఆయన చేయి ఒక క్రొత్త నోటికొరకు చాచినది. పాచిని తిను జీవి దొరకినది, కష్టము తీరినది. నాటినుండి నేటివరకు దుకాణములో అడుగు మొదటి ప్రశ్న యిదియే: పాచిని తిను చేప యున్నదా? వారింగ్టన్‌కు నత్త అక్కరకు వచ్చుటకు ఒక కారణము కలదు. అతని చేపలు రెండే, చిన్నవి, మితముగా తినునవి. నత్తను గుల్లతో నమలగల దవడ వానికి లేదు. ఆ నత్తనే ఒక ఆస్కార్ యెదుట ఉంచినచో నత్త మిగులదు, పాచి మిగులును.

1853లో లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు మత్స్యగృహము వెలసెను. మరుసటి సంవత్సరము ఫిలిప్ గాస్ వ్రాసిన గ్రంథముతో అక్వేరియమను పేరు జనుల నోటికెక్కెను. ఇంటింట గాజుతొట్లు వెలసెను. వానిలో పెక్కు కొలది నెలలలోనే పచ్చని పులుసువలెనై వీధిలో పారబోయబడెను. కిటికీ ప్రక్కన, సూర్యుడు తిన్నగా పడుచోట, అందముగా కనబడునని తొట్టిని పెట్టుటయే అందుకు ముఖ్యకారణము. నేటికిని మన హాలులో తొట్టికి దొరకు చోటు కిటికీ ప్రక్కనే యగుట చూచుచున్నాము.

ఈ పొరపాటును విప్పిచూపినవారిలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ముఖ్యుడు. 1864లో హాంబర్గు నగరమందును, 1871లో లండను క్రిస్టల్ పాలెస్‌లోను ఆయన నెలకొల్పిన మత్స్యశాలలలో ఒక చిత్రమైన ఏర్పాటుండెను. జనులు చూచు తొట్లకంటె అనేక రెట్లు పెద్దదైన నీటి నిలువ నేలక్రింద, చీకటిలో ఉండెడిది. పైతొట్లలోని నీరు ఎడతెగక ఆ చీకటి జలాశయములోనికి దిగి, చల్లబడి, మరల పైకి వచ్చెడిది. వెలుతురు లేనిచోట పాచి పెరుగదు; నీరు విస్తారమైనకొలది దానిలోని మలినము పలుచనగును. ఈ రెండు సూత్రములతో ఆయన పాచిని అదుపులో పెట్టెను. దానికొరకు ఏ నోటిని వెదకలేదు.

మరల ఒకమారు బన్సీలాల్‌పేట బావిలోనికి తొంగిచూతము. లోతైన రాతిగోడలు, నడిపొద్దున తప్ప నీటికి తిన్నగా ఎండ తగులదు. వాడుకలో నున్న కాలమున వందల చేదలు దినదినము నీటిని పైకి తోడెడివి. తోడినకొలది అడుగునుండి క్రొత్త ఊట వచ్చెడిది. పాకుడు పట్టునది అరుగులకు, మెట్లకు. అదియు జనుల పాదముల రాపిడికి నిలిచెడిది కాదు. లాయిడ్ ఆవిరియంత్రముతో సాధించినదానిని మన బావులు నీడతోను, చేదతోను సాధించినవి. బావిలో నాలుగు చేపలు విడుచుట మన ఊళ్లలో పాత అలవాటే. అవి దోమపురుగులను తినును, రాలిన మెతుకును తినును. కాని బావిని తేటగా నుంచినది చేపయని పెద్దలు చెప్పినను, ఆ పనిలో పెద్దపాలు చేదది.

పాచి తినునదేమి? ఈ ప్రశ్నకు జవాబు పందొమ్మిదవ శతాబ్దమున కొంత, ఇరువదవ శతాబ్దమున కొంత దొరకినది. 1890 ప్రాంతమున సెర్గీ వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు, మట్టిలోను నీటిలోను ఉండు కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చునని నిరూపించెను. చేప విసర్జించు అమ్మోనియా విషము. నైట్రేటు అంత విషము కాదు గాని మొక్కలకు, పాచికి మంచి ఎరువు. 1973లో కెనడా దేశపు ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందమువారు ఒక చిన్న సరస్సును నడుమ తెరకట్టి రెండుగా విభజించిరి. ఒక సగమునకు బొగ్గు, నత్రజని లవణములను, రెండవ సగమునకు వానితోపాటు భాస్వరమును చేర్చిరి. భాస్వరము చేరిన సగము మాత్రమే పచ్చబడెను. ఆకాశమునుండి తీసిన ఆ చిత్రము పెక్కు పుస్తకములకెక్కినది. ఒక తెర, అటు తేటనీరు, ఇటు పాచి.

వేటచేపల తొట్టిలో ఇది ఏ విధముగా పనిచేయునో లెక్కవేసి చూతము. వేటచేప తినునది మాంసము. మాంసములో సుమారు ఐదవ వంతు మాంసకృత్తులు. మాంసకృత్తులలో నూటికి పదునారు పాళ్లు నత్రజని. దినమునకు పది గ్రాముల మాంసము వేసినచో నీటిలోనికి దించినది మూడవ వంతు గ్రామునకు కొంచెము తక్కువ నత్రజని. అందులో సగమే నీటిలో కరగి నైట్రేటుగా మారినదనుకొన్నను, మూడువందల లీటర్ల తొట్టిలో వారమునకు లీటరుకు సుమారు 16 మిల్లీగ్రాముల నైట్రేటు చేరును. వారమున కొకమారు మూడవ వంతు నీటిని మార్చినను, ఆ మొత్తము పెరిగి పెరిగి మార్పునకు ముందు 50 దగ్గర పోయి నిలుచును. సగము నీటిని మార్చినచో 33 దగ్గర నిలుచును. మొక్కలు కొంత పీల్చుకొనును, నిజమే. మాంసముతోపాటు ఎముకలలోని భాస్వరమును వచ్చును, అదియు నిజమే. గడ్డిమేయు చేపల తొట్టికంటె వేటచేపల తొట్టి త్వరగా పచ్చబడుటకు ఇదియే మర్మము. మనము పాచిగా చూచునది మనము నిన్న వేసిన మేతయే.

కావున పాచి కట్టడికి మొదట చూడవలసినది గిన్నె. ఎదిగిన వేటచేపకు దినదినము మేత అక్కరలేదు. ప్రకృతిలో దానికి దినదినము వేట దొరకదు. వారమునకు రెండు మూడు మారులు చాలును. తినగా మిగిలిన ముక్కను అప్పుడే తీసివేయవలెను. రెండవది దీపము. ఆరునుండి ఎనిమిది గంటల వెలుతురు మొక్కలకు చాలును. పండుగనాడు చుట్టములు చూడవలెనని రాత్రి పండ్రెండువరకు దీపము వెలిగించినచో పండుగ పాచికే. మూడవది మొక్కలు. మొదటినుండి దట్టముగా, త్వరగా పెరుగు జాతులను నాటినచో అవి పాచికంటె ముందు ఎరువును లాగుకొనును. అయితే ఆస్కార్ వంటి చేప ఇసుకను త్రవ్వి మొక్కలను పెకలించును. దాని తొట్టిలో వేళ్లు నాటుకొను మొక్కకంటె రాతికి, మ్రానుకు అంటుకొని పెరుగు మొక్క మేలు. కొర్రమీనునకు ఆ దుర్గుణము లేదు. అది మొక్కల నీడలో కదలక పొంచి యుండునది. మొక్కలు దానికి ఇల్లు.

ఈ విషయములో మన హైదరాబాదు వెనుకబడి లేదని చెప్పుట మాకు సంతోషము. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎ. ఆర్. జాఫర్ హైదరాబాదులోని కొన్ని చేపల చెరువులలోని పాచి జాతులను, ఆ నీటి గుణములను పరిశీలించి 1964 మొదలు 1967 వరకు వరుస వ్యాసములను ప్రకటించెను. ఏ చెరువున ఏ లవణములున్నవి, ఏ ఋతువున ఏ పాచి ప్రబలుచున్నదని కనిపెట్టుట ఆయన పని. 1969లో వి. వెంకటేశ్వర్లు మూసీనది పాచిని మురుగుతో ముడిపెట్టి పరిశీలించెను. బన్సీలాల్‌పేటకు కూతవేటు దూరమున నున్న హుస్సేన్‌సాగరమును 1562 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్ షా కాలమున త్రవ్వించిరి. నగరపు మురుగు అందులో కలియుట మొదలైన పిమ్మట దాని నీటిరంగు ఎట్లు మారినదో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. తొట్టిలో జరుగునదే చెరువులో జరుగును. తొట్టిని మనము కడుగగలము, చెరువును కడుగలేము, అంతే భేదము.

ఇక తోడు సంగతి. మనవారు చేపల గుణములను ఎరుగరనుట తప్పు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దపు పూర్వభాగమున కూర్చిన మానసోల్లాసములో మత్స్యవినోదమను ప్రకరణము కలదు. అందులో చేపల జాతులు, అవి యుండు చోటులు, ఏ చేపకు ఏ మేత ఇష్టమో, దానిని ఎట్లు పెంచి గాలమువేసి పట్టవలెనో వివరింపబడియున్నది. భారతీయ మత్స్యశాస్త్రమున ప్రసిద్ధుడైన సుందర్‌లాల్ హోరా 1951లో దీనిపై ఒక వ్యాసము ప్రకటించెను. ఆరువందల డెబ్బది సంవత్సరముల పిమ్మట, 1803లో, ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల బొమ్మలను లండనులో అచ్చువేయించెను. అందులో మన జాలరులు చెప్పిన తెలుగు పేర్లు ఇంగ్లీషు లిపిలో నిలిచియున్నవి. 1940 దశకమున మహమూద్, రహీముల్లా అనువారు హైదరాబాదు సంస్థానపు చేపల వివరములను బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించిరి. పేరు తెలిసిన చేపకు గుణము తెలియును. గుణము తెలిసినచోట తోడు కుదురును.

తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర మత్స్యముగా ఎన్నుకొన్నది కొర్రమీను. మృగశిర కార్తెనాడు నగరమున చేపమందు వేయుటకు వాడునదియు దాని పిల్లయే. ఆ మందు విచారణ ఈ ప్రసంగమున చేయము. అంగడిలో కొర్రమీనును తొట్టెలో ప్రాణముతోనే అమ్ముదురు. దాని తలలో మొప్పల పైభాగమున గాలిని పీల్చుకొను అర యున్నది. నీటిలో ప్రాణవాయువు తగ్గినను అది బ్రతుకును. అందుచేతనే దానిని మొదటి వేటచేపగా పెంచువారు మోసపోవుదురు. నీరు చెడినను కొర్రమీను కదలాడుచునే యుండును. తోడున్న చేపలు ముందు పోవును. గాలికొరకు పైకి వచ్చునది కావున మూతకు, నీటికి నడుమ ఖాళీ ఉండవలెను. ఎగిరి దుముకునది కావున మూత ఉండితీరవలెను. ఎర్రని పిల్లల గుంపును తల్లిదండ్రులు రెండును కాచు దృశ్యమును చెరువుగట్టున చూచినవారు దానిని మరువరు. ఆ కాలమున మరి యే చేపను అది దరిచేరనీయదు.

వేటచేపకు తోడు వెదకునప్పుడు చూడవలసినది నోటి కొలత. ఇమిడినది మేత, ఇమడనిది తోడు. పరిగెలను, రంగురంగుల చిన్నచేపలను కొర్రమీనుతో విడుచుట వానిని సిద్ధాన్నముగా వడ్డించుటయే. అది ఒకనాడు కాకున్న ఒకరాత్రి జరుగును. నిడుపు తక్కువైనను ఎత్తైన మేనుగల చేప బ్రతుకును, ఏలనగా అది గొంతులో దిగదు. జెల్లజాతి చేపలను గూర్చి మాత్రము జాగ్రత్త: వాని రెక్కముళ్లు నిలువుగా బిగిసికొనును. అట్టిదానిని మ్రింగబోయి గొంతున ఇరుకుకొని వేటచేపయు జెల్లయు రెండును చచ్చుట కలదు. మన తీరపు ఉప్పుటేరులలో దొరకి, కేరళలో కరిమీన్ అని పిలువబడు ముత్యపుచుక్కల చేప పీచుపాచిని మేయును, ఎత్తైన మేనుగలది, మంచినీటను బ్రతుకును. ఒకే ఈడువానిని పెద్దతొట్టిలో విడిచినచో కొంత ఆశ పెట్టుకొనవచ్చును. కాని అది లేతమొక్కలను సైతము కొరుకును. కొండవాగులలో రాళ్లకు అంటుకొని పాకుడును గీరుకొనితిను గార్రా జాతి చేప మన దేశపుదే. అయితే అది చిన్నది, కొర్రమీను నోటికి చాలినది. పాచిని తినుటకు చాలినంత చిన్నది మేతయగును. మేత కానంత పెద్దది స్వయముగా మలినము పెంచును. ఈ రెండు కొమ్ముల నడుమ ఇంటిపెంపకందారు చిక్కుకొనియున్నాడు.

చేపను పనివానిగా నియమించిన చరిత్రలో పెద్ద అధ్యాయము దోమతో మొదలైనది; దానికి సికింద్రాబాదుతో చుట్టరికమున్నది. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో సర్ రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగి రక్తము త్రాగిన దోమ కడుపులో మలేరియా జీవి పెరుగుచుండుట కనుగొనెను. దోమ దోషి యని తేలినపిమ్మట దోమపురుగు పుట్టు బావులు, తొట్లు, కుంటలు అధికారుల దృష్టికి వచ్చెను. కొన్ని నగరములలో బావులు మూయించిరి. మూయరానిచోట చేపలు విడిచిరి. 1928లో ఇటలీనుండి గంబూసియా యను చిన్నచేపను భారతదేశమునకు తెచ్చిరి. అంగుళమున్నర, రెండంగుళముల చేప, గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును, త్వరగా పెరుగును. చూచుటకు అమాయకమైనదైనను అదియు వేటచేపయే. ఇతర చేపల రెక్కలను కొరుకును, వాని గ్రుడ్లను, పిల్లలను తినును.

దోమపురుగుకొరకు నియమించిన ఈ నోరు పాచికి చేసిన మేలు ఇంకను వింతయైనది. 1972లో కాలిఫోర్నియాలో హర్ల్‌బర్ట్, అతని సహచరులు కొన్ని నీటితొట్లలో గంబూసియాను విడిచి, కొన్నింటిలో విడువక చూచిరి. చేపలున్న నీటిలో నీటి ఈగ మొదలగు సూక్ష్మజంతువులు నశించెను. నీటిలో తేలు పాచిని తినునవి ఆ ఈగలే. తినువారు పోగా పాచి విజృంభించి నీరు పచ్చబడెను. చేప లేని తొట్లలో నీరు తేటగా నుండెను. ఆ చేప పాచిని ఏమియు చేయలేదు. పాచిని తినువానిని తిన్నది. తొట్టిలోనికి ఎవరిని తోడు తెచ్చుచున్నామను ప్రశ్నయు, నీరు ఏ రంగున నుండునను ప్రశ్నయు ఒకటేయని మేము మొదట అన్నది ఇందుచేతనే. అయినను ఈ చేప మన ప్రాంతమున నేటికిని కొలువులోనే యున్నది. 2023లో ఆంధ్రప్రదేశములో సుమారు కోటి గంబూసియాలను నీటివనరులలో విడిచినట్లు వార్తలు రాగా, జీవశాస్త్రజ్ఞులు ఆందోళన వెలిబుచ్చిరి. దోమపురుగులను తిను స్వదేశపు చిన్నచేపలు మన కుంటలలో ఎన్నో యుండగా పరదేశపుదానికి ఇంత మన్నన ఏలయని మాకును తోచును.

ఇంతకంటె ఇంటికి దగ్గరి కథ మరియొకటి. వేటచేపల తొట్టికి పాచి తిను తోడు కావలెను; అది వేటచేప నోటికి చిక్కకుండవలెను. ఈ రెండు లక్షణములుగల చేప దక్షిణ అమెరికా నదులలో దొరకినది. వీపునిండ ఎముక పలకల కవచము, నిక్కబొడుచుకొను ముళ్లు, క్రిందివైపున జలగవలె పట్టుకొను నోరు. దుకాణములలో దానిని సక్కర్ చేప యందురు. రెండంగుళముల పిల్లను కొద్ది రూపాయలకు కొనవచ్చును. మొదటి నెలలలో అది గాజును నాకుచు తిరుగుట చూచి ఇంటివారు మురియుదురు. రెండు మూడేండ్లకు అది అడుగున్నర పొడవు దాటును. అప్పటికి పాచికంటె వేటచేపకు వేసిన మాంసపుముక్క దానికి రుచియగును. రాత్రివేళ పెద్ద చేపల మేనికి అంటుకొని వాని జిగటపొరను నాకుటయు కలదు. అది తిను పాచికంటె అది వేయు మలము ఎక్కువ. ఆ మలము మరల పాచికి ఎరువు. ఇంటివారు విసిగి, చంపుటకు మనసొప్పక, సంచిలో వేసికొని సమీపపు చెరువునకో, కాలువకో, బావికో తీసికొనిపోవుదురు. దయతోనే చేయుదురు. దానిని చేరి ఎవరును తప్పుపట్టరు.

తరువాతి కథ జాలరిది. ఈ చేప కడుపుతో గాలిని పీల్చుకొని నీరు లేకున్నను గంటల తరబడి బ్రతుకును. గట్లలో సొరంగములు చేసి గ్రుడ్లు పెట్టును, గట్లు జారును. దాని ముళ్లకు వలలు చిరుగును. మన చేపలు మేయు అడుగుపాచిని, అడుగునున్న గ్రుడ్లను అది తినును. అంగడిలో దానిని కొనువారు లేరు. మన తెలుగుజిల్లాలలో చేపల చెరువులవారు దానిని దెయ్యపుచేప యనుచున్నారు. వలకు పడినదానిలో శీలవతి, బొచ్చె తగ్గి ఇదియే హెచ్చినప్పుడు దినపు కూలి దండుగయగును. ఆ జాలరి ఇంటిలో గాజుతొట్టి ఉండదు. పాచి కష్టమును అతడు ఎరుగడు. నగరములో ఒకరి గాజు తేటగా నుండుటకు కొనిన నోటిని పోషించుచున్నది అతని చెరువు.

హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధనాకేంద్రమునకు చెందిన అత్తాపూరు ప్రయోగశాలవారు ఈ చేపను కనిపెట్టుటకు ఒక క్రొత్త పద్ధతిని రూపొందించిరి. చేపను పట్టనక్కరలేదు. ప్రతి జీవియు నీటిలో తన కణములను రాల్చుచుండును. చెరువునుండి కొంత నీటిని తెచ్చి వడకట్టి, అందులోని జీవద్రవ్యమును పరీక్షించినచో ఆ చేప అచట నున్నదో లేదో తెలియును. ఈ పరీక్షతో తూర్పుకనుమల ప్రాంతపు జలవనరులలో సుమారు 60 శాతమువరకు ఆ చేప వ్యాపించినదని వారు 2024లో వెల్లడించిరి. ఒకమారు పెద్దచెరువున స్థిరపడిన పిమ్మట దానిని పూర్తిగా ఏరివేయు ఉపాయము ఇంతవరకు లేదు. ముందుగా తెలిసినచోట, చిన్న నీటిలో, వలతో పట్టి తీయుట మాత్రము సాధ్యము.

ఇంటనున్న సక్కర్ చేప పెరిగి తొట్టికి పట్టకపోయినచో, దానిని కొన్న దుకాణమునకో, పెద్దతొట్టి గల మరియొక పెంపకందారునకో ఇచ్చివేయవలెను. ఎవరును తీసికొననిచో, లవంగనూనె కలిపిన నీటిలో ఉంచి నొప్పిలేక దాని ప్రాణము తీయు పద్ధతి పశువైద్యులకు తెలిసినదే, వారిని అడుగవచ్చును. గాజుకు పట్టిన పాచికి ఒక పాత గుడ్డముక్కయు, వారమునకు అరగంటయు చాలును. బన్సీలాల్‌పేట బావివంటివి మరికొన్ని జంటనగరములలో పూడిక తీయబడి మరల నీటితో నిండుచున్నవి. వాని అంచులకు గొలుసులు, కంచెలు కట్టినను, ఒక సంచి నీటిని క్రిందికి వంచుటకు ఆ కంచెలు అడ్డురావు.